పాత జీపు: ఉప్పు, లప్పం, తుప్పు

ప్రశ్న: మా నాన్నగారి సీజే-3బి జీపు ఏళ్ల తరబడి రొయ్యల గుంటల గట్ల మీదే తిరిగింది. రెండేళ్ల కిందట టింకరింగ్ చేయించి రంగు వేయించాం. ఇప్పుడు ఫ్లోరు మీద మళ్లీ బొబ్బలు లేచాయి. ఇంటి దగ్గరే బాగుచేసుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: ఉంది. ముందు ఒక బొబ్బను స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మొన దిగిపోయిందంటే అక్కడ రేకు లేదు, ఉన్నది లప్పమే. తుప్పు మొదలయ్యేది అడుగునుంచి. ఫ్లోరు కింద బోర్లించిన కాలవల్లా అడ్డపట్టీలు ఉంటాయి. గుంటల బురద వాటిలో చేరి ఎండిపోతుంది. అందులోని ఉప్పు గాలిలో తేమను లాగుతుంది కాబట్టి ఎండాకాలంలో కూడా అక్కడ చెమ్మ ఆరదు. లప్పం ఆ చెమ్మను పీల్చి రేకుకు అంటిస్తూ ఉంటుంది.

అందుకే మొదటి పని కడగడం. పట్టీల కొసల్లోకి ప్రెజర్ పంపు పెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టండి. ఉప్పు మిగిలితే ఎంత ఖరీదైన రంగైనా మళ్లీ లేస్తుంది.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ ఎర్త్ తీసేయండి. ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. దాన్ని విప్పి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అని వదిలేయొద్దు, మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. కుళ్లిన రేకును గట్టి రేకు తగిలేదాకా, ఇంకో అంగుళం కలిపి కోసేయండి. 18 గేజి (1.2 మి.మీ.) రేకు ముక్క వేసి, 0.8 మి.మీ. తీగతో మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వస్తూ కరిగి అతికే పద్ధతి) చేయించండి. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క ఎదురు అంచున. వరసగా లాగితే వేడికి రేకు వంకర పోతుంది.

తుప్పుకు చిన్న చిన్న గుంటలు పడినా రేకు గట్టిగా ఉన్నచోట వైరు బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూసి, డబ్బా మీద చెప్పినట్టు శుభ్రం చేసి ఆరనివ్వండి. ఆపైన ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. ఉత్త రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేయడం మన దగ్గర అలవాటు. అది తేమను ఆపదు. అతుకుల మీద సీమ్ సీలర్ (సందుల్లోకి నీళ్లు పోకుండా ఆపే పేస్టు), లప్పం తప్పనిసరైతే ప్రైమర్ మీదే, అదీ 2 మి.మీ. మించకుండా. పట్టీల లోపలికి పొడవు గొట్టంతో మైనం స్ప్రే కొట్టండి. నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం ఎవరు చెప్పినా మూయొద్దు.

రొయ్యల గుంటల దగ్గర జీపు నీళ్లలో దిగివస్తే యాక్సిల్ ఆయిల్ చూడండి. పాలు కలిసిన కాఫీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టు, వెంటనే మార్చాలి. యూజే క్రాసులకూ (షాఫ్టు కొసల్లోని కీళ్లు) స్ప్రింగు షాకిళ్లకూ (స్ప్రింగు పట్టీలను ఛాసిస్‌కు పట్టి ఉంచే కొక్కేలు) పాత మురికి గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి.

ప్రశ్న: కొండ దిగి తారు రోడ్డెక్కాక ఫోర్ వీల్ లివర్ వెనక్కి రావట్లేదు. గేర్‌బాక్స్ విప్పాలా?
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: ఇప్పుడే విప్పొద్దు. పాత జీపుల్లో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. రాళ్లలో, ఇసకలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి షాఫ్టులు మెలిపడి పళ్లు బిగుసుకుంటాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి పది పదిహేను అడుగులు నెమ్మదిగా రివర్స్ చేస్తూ లివర్ లాగండి. రాకపోతే మిగతా చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపండి. లేచేటప్పుడు అది గిర్రున తిరగొచ్చు, చెయ్యి దూరంగా ఉంచండి. తరచూ ఇలాగే అవుతుంటే ముందు, వెనక టైర్ల సైజూ అరుగుదలా పోల్చి చూడండి.

ప్రశ్న: 1968 జీపు. బిగుసుకుపోయిన పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ పెడితే వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: రావడం కష్టం. 2021 నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్తగా నమోదుకు ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఆ ఇంజన్‌ను పాత ఇనుముకు వేయకండి. ప్లగ్గులు తీసి, డీజిల్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ (ఏటీఎఫ్) సగం సగం కలిపి సిలిండర్లలో పోసి వారం నానబెట్టండి. తర్వాత హ్యాండిల్ రాడ్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపండి. జీపును తాడు కట్టి లాగి ఇంజన్ తిప్పితే మాత్రం పిస్టన్ రింగులు విరగొచ్చు.