మాస్టారూ, ‘పసిఫిక్’ ఇంకెన్నాళ్ళు?

ఈ వారం ఉత్తరాల్లో సినిమా తారల పెళ్ళి కబుర్లు అడిగినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది అడిగింది ఒకటే సంగతి. ఈ 2010 మార్చి 14, ఆదివారం రాత్రి అమెరికాలో హెచ్‌బీఓ చానెల్ ‘ది పసిఫిక్’ అనే పది భాగాల యుద్ధ సిరీస్ మొదలుపెడుతోంది. 2001లో ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ అనే రెండో ప్రపంచ యుద్ధ సిరీస్ అందించిన స్టీవెన్ స్పీల్‌బర్గ్, టామ్ హాంక్స్ దీనికీ నిర్మాతలు. అప్పటినుంచి కాచుక్కూర్చున్న జనం ఇప్పుడు కలాలు పట్టుకున్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కాలేజీలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెప్పినవాణ్ని, నాకు ఇంతకన్నా పండగేముంది! అప్పట్లో నా క్లాసులో వెనక బెంచీల్లో కునికిపాట్లు పడినవాళ్ళు కూడా ఈ ఉత్తరాలు రాసినవాళ్ళలో ఉన్నారేమో. పర్వాలేదు, అడగండి.

ప్రశ్న: మాస్టారూ, ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ డీవీడీలు అరిగిపోయేలా చూశాను. కొత్త సిరీస్‌లో మేజర్ వింటర్స్ ఉంటాడా? ఈజీ కంపెనీ వాళ్ళు జపాన్ మీదికి వెళ్తారా? – ఎం.ఆర్.

జవాబు: ఉండడు. వెళ్ళరు. మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నా ఉద్దేశం కాదు. ముందే తెలిస్తే మొదటి రాత్రి టీవీ ముందు ఉసూరుమనరని చెబుతున్నాను. మొదటి సిరీస్ కథానాయకుడు వింటర్స్, అతని దళం ఈజీ కంపెనీ పారాచూట్ సైనికులు, అమెరికా సైన్యంలోని 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్. నార్మండీలో దూకి, హాలండ్, బెల్జియం, జర్మనీ మీదుగా ఆస్ట్రియాలో తేలారు. ఇక పసిఫిక్‌కు తోలతారేమోనని వాళ్ళూ బెంగపడ్డారు. ఈలోగా జపాన్ లొంగిపోయింది.

‘ది పసిఫిక్’ మెరీన్ల కథ, అంటే ఓడల మీంచి ఒడ్డున దిగి పోరాడే అమెరికా సైనికుల కథ. ఫస్ట్ మెరీన్ డివిజన్‌కి చెందిన ముగ్గురు మనుషులు ఇందులో ముఖ్యం. రాబర్ట్ లెకీ, యూజీన్ స్లెడ్జ్, జాన్ బాసిలోన్. ముగ్గురిదీ ఒకే డివిజన్, అందులోని దళాలు, అంటే రెజిమెంట్లు మాత్రం వేరు. లెకీ ఒకటోది, స్లెడ్జ్ ఐదోది, బాసిలోన్ ఏడోది. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’లో ఒకే కంపెనీని శిక్షణ నుంచి చివరిదాకా పట్టుకుపోయాం, మొహాలు అలవాటయ్యాయి. ఇప్పుడలా కుదరదు. బాసిలోన్ 1942 అక్టోబర్‌లో గ్వాడల్‌కెనాల్ దీవిలో మెషిన్‌గన్ పట్టుకుని చేసిన పోరాటానికి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చి, స్వదేశానికి రప్పించి, ఊరూరా తిప్పి యుద్ధ బాండ్లు అమ్మించారు. స్లెడ్జ్ మొదటిసారి తుపాకీ మోతలు వినేది 1944 సెప్టెంబర్‌లో, పెలెలియు అనే దీవిలో. ముగ్గురూ ఒకచోట కూర్చుని పేకాడుకునే సీన్ కోసం మాత్రం ఎదురుచూడకండి.

ప్రశ్న: ఆ ముగ్గురిలో చివరికి ఎవరు బతుకుతారు? మా అన్నయ్య చెప్పనంటున్నాడు. – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ అన్నయ్య మంచివాడమ్మా. నేనూ చెప్పను. ఒక్కటి మాత్రం అంటాను. ముగ్గురిలో లెకీ, స్లెడ్జ్ యుద్ధం తర్వాత పుస్తకాలు రాశారు. మిగతా లెక్క నువ్వే వేసుకో.

ప్రశ్న: “వాస్తవ సంఘటనల ఆధారంగా” అని వేస్తారు కదా. అందులో ఎంత నిజం ఉంటుందంటారు? – వి.ఎస్.పి.

జవాబు: మంచి ప్రశ్న. కొంచెం నిదానంగా చెబుతాను.

‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’లో ఆల్బర్ట్ బ్లైత్ గుర్తున్నాడా? భయంతో కళ్ళు కనబడకుండా పోయిన కుర్రాడు. మూడో భాగం చివర, గాయాల నుంచి కోలుకోలేక 1948లో చనిపోయాడని అక్షరాలు పడతాయి. అది చదివి మనమంతా అయ్యో అనుకున్నాం. నిజానికి బ్లైత్ కోలుకున్నాడు, సైన్యంలోనే కొనసాగాడు, 1967లో పోయాడు. ఎంతో శ్రద్ధగా తీసిన సిరీస్‌లో, నిజమైన పేరుతో ఉన్న ఒక మనిషిని 19 ఏళ్ళు ముందే చంపేశారు! ఎవరో కావాలని చేసింది కాదది. ఆ సిరీస్‌కి మూలం చరిత్రకారుడు స్టీఫెన్ ఆంబ్రోస్ 1992లో రాసిన పుస్తకం. అది ముసలివాళ్ళయిన సైనికుల జ్ఞాపకాలు పోగుచేసి అల్లింది. బ్లైత్‌తో సంబంధాలు తెగిపోయిన సహచరులు, అతను ఎప్పుడో పోయాడనే నమ్మారు. వాళ్ళు నమ్మిందే తెరకెక్కింది.

ఈసారి మీద నాకు ఆశ ఎక్కువ ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ‘ది పసిఫిక్’కి ప్రధాన ఆధారాలు ఇద్దరు సైనికులు స్వయంగా రాసుకున్నవి. లెకీ పుస్తకం 1957లో వచ్చింది, స్లెడ్జ్‌ది 1981లో. యుద్ధంలో డైరీ రాయడం నిషిద్ధం. డైరీ శత్రువు చేతికి చిక్కితే రహస్యాలు పోతాయని భయం. స్లెడ్జ్ తన జేబులో ఉండే చిన్న కొత్త నిబంధన పుస్తకంలో దొంగచాటుగా నోట్సు రాసుకున్నాడు. ఏ రోజు ఎక్కడున్నారు, ఎవరు పోయారు లాంటివి. తర్వాత ఆయన జీవశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. పుస్తకం చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది. బురదలో పడి ఉన్న శవాన్ని కూడా కళ్ళు తిప్పుకోకుండా, ఏది ఎలా ఉందో అలాగే రాస్తాడు. లెకీ పత్రికా విలేఖరి, మాటకు పదును ఎక్కువ, ఆఫీసర్లంటే అసలు పడదు. ఒకే యుద్ధం, ఇద్దరి చేతుల్లో రెండు రకాలు. పోయిన సిరీస్‌లో చరిత్రకారుడి గొంతు విన్నాం, ఇప్పుడు అనుభవించినవాళ్ళ గొంతు వినబోతున్నాం. ఇద్దరూ 2001లోనే కన్నుమూశారు. స్లెడ్జ్ మొదటి సిరీస్ రాకముందే పోయాడు, లెకీ అది వచ్చిన కొద్ది నెలలకు.

అంతమాత్రాన ప్రతి డైలాగూ నిజమనుకోకండి. పది గంటల్లో చెప్పాలంటే మనుషులను కలుపుతారు, తేదీలు జరుపుతారు. అది తప్పదు.

ప్రశ్న: ట్రైలర్ నిండా వాన, బురద, జ్వరం మొహాలే. యుద్ధం ఏదండీ? – కె.బి.

జవాబు: అదేనండీ యుద్ధం! గ్వాడల్‌కెనాల్ సంగతే చూడండి. 1942 ఆగస్టు 7న మెరీన్లు ఒడ్డున దిగారు. ఎనిమిదో తారీకు రాత్రి జపాన్ నౌకలు సావో దీవి దగ్గర మెరుపుదాడి చేసి, క్రూయిజర్లనే పెద్ద యుద్ధనౌకలను నాలుగింటిని ముంచేశాయి. మూడు అమెరికావి, ఒకటి ఆస్ట్రేలియాది. దాంతో సరుకు మోసుకొచ్చిన ఓడలు సగం సామాను దించకుండానే వెళ్ళిపోయాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు పొద్దున లేచి చూస్తే సముద్రం ఖాళీ. రోజుకు రెండు పూటలే తిండి. అదీ జపానువాళ్ళు వదిలేసి పోయిన బియ్యం వల్లే గడిచింది. అందులో పురుగులు. మొదట్లో ఏరుకుని తిన్నారు, తర్వాత ఏరడం మానేశారు. ఆపైన మలేరియా. తుపాకీ గుళ్ళకు పడిపోయినవాళ్ళ కంటే జబ్బులకు మంచాన పడ్డవాళ్ళే ఎక్కువ. ట్రైలర్‌లో జ్వరం మొహాలు కనిపిస్తున్నాయంటే తీసినవాళ్ళు పుస్తకాలు సరిగ్గా చదివారన్నమాట. నాకైతే అది శుభసూచకం.

ప్రశ్న: సంగీతం మళ్ళీ ఆయనేనా? – ఆర్.

జవాబు: కాదు. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’కి సంగీతం ఇచ్చిన మైకేల్ కేమెన్ 2003లో కన్నుమూశారు. ఈసారి హాన్స్ జిమ్మర్, మరో ఇద్దరితో కలిసి చేశారు.

ప్రశ్న: జపానువాళ్ళను రాక్షసుల్లా చూపిస్తారేమోనని నా భయం. అమెరికావాళ్ళ యుద్ధ కథల్లో జరిగేది అదే కదా? – పి.ఎల్.ఎన్.

జవాబు: మీ భయంలో న్యాయం ఉంది. అయితే స్లెడ్జ్ పుస్తకం నిజాయితీగా తీస్తే తమవాళ్ళను కూడా దేవుళ్ళలా చూపించడం కుదరదు. పెలెలియులో చనిపోయిన జపాన్ సైనికుల నోళ్ళలోంచి మెరీన్లు కత్తి మొనతో బంగారు పళ్ళు పెకలించేవాళ్ళు. స్లెడ్జ్ అది చూసి మొదట అసహ్యించుకున్నాడు. కొన్నాళ్ళకు తనే ఒక శవం ముందు కత్తి తీశాడు. భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. చూస్తే దళంలోని వైద్య సహాయకుడు. అవి ముట్టుకుంటే క్రిములు అంటుకుంటాయి, వద్దన్నాడు. చుట్టూ కుళ్ళిన శవాలు, ఈగలు, తాగే నీళ్ళు కూడా సరిగ్గా లేని చోట క్రిముల భయమేమిటి! స్లెడ్జ్ అప్పటికి ఆగిపోయాడు. చాలాకాలం తర్వాత గానీ, ఆ మనిషి కాపాడింది తన ఒంటిని కాదని అతనికి తెలియలేదు.

నేను ఎదురుచూసేది ఈ ఒక్క సీన్ కోసం. ఇది ఉంచితే వాళ్ళు ధైర్యంగా తీసినట్టు. కత్తిరించి, జెండా ఎగరేసే సీను పెట్టారా, మీ ఉత్తరం తీసుకొచ్చి మొదటి పేజీలో వేయమని ఎడిటర్‌గారితో నేనే చెబుతాను.

ప్రశ్న: విశాఖపట్నంలో జపానువాళ్ళు బాంబులు వేశారని మా అమ్మమ్మ చెప్పేది. ఈ సిరీస్‌లో అది వస్తుందా? – జి.వి.

జవాబు: రాదు. కానీ అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మెరీన్లు గ్వాడల్‌కెనాల్‌లో దిగింది ఆ తర్వాత నాలుగు నెలలకు. యుద్ధం ఒక్కటే, కథ చెప్పేవాళ్ళు వేరు. అమెరికావాళ్ళు తమవాళ్ళ కథ తీసుకుంటున్నారు, అందులో తప్పేముంది? మనవాళ్ళు జపానును ఎదుర్కొన్నది బర్మా వైపు. 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జపాన్ సైన్యాన్ని ఆపి వెనక్కి తరిమిన బ్రిటిష్ జనరల్ స్లిమ్ 14వ సైన్యంలో భారతీయులదే పెద్ద సంఖ్య. దాని మీద పది భాగాలు తీసే నిర్మాత దొరికితే నాకు కబురు పెట్టండి, ఉచితంగా సలహాలిస్తాను. అమ్మమ్మ ఉంటే ఆవిడ చెప్పింది టేపులో రికార్డు చేసిపెట్టండి.

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్ళు. నాతోపాటు చూడనివ్వచ్చా? – ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. పైన పళ్ళ సంగతి చదివారుగా.

ప్రశ్న: ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? ఖర్చు మాటేమిటి? – ఎస్.కె.ఎ.

జవాబు: ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’కి సుమారు 12.5 కోట్ల డాలర్లు అయిందన్నారు. దీనికి 20 కోట్లు దాటిందంటున్నారు. మొదటిదాన్ని చాలావరకు ఇంగ్లండులో ఒక పాత విమానాశ్రయంలో సెట్లు వేసి లాగించారు. దీన్ని 2007, 2008లలో ఆస్ట్రేలియాలో తీశారు. ఉత్తర క్వీన్స్‌లాండ్ అడవులను దీవులుగా చూపిస్తారు. ఇంకో మంచి కారణం కూడా ఉంది. గ్వాడల్‌కెనాల్ తర్వాత చిక్కి శల్యమైన ఫస్ట్ మెరీన్ డివిజన్‌ను 1943లో విశ్రాంతి కోసం పంపింది మెల్‌బోర్న్‌కే. క్రికెట్ అభిమానులకు ఒక ముచ్చట చెబుతాను. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ ఉందే, అప్పుడు ఆ స్టాండ్లలోనే మెరీన్లు పక్కలు వేసుకుని పడుకున్నారు!

ప్రశ్న: ఇంత ఊరించి చివరికి తుస్సుమనిపిస్తే? మీ మనసులో మాట చెప్పండి. – టి.ఎన్.

జవాబు: నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది. మొదటి రెండు భాగాలకే ‘అబ్బే, అంత లేదు’ అనేవాళ్ళు చాలామంది తయారవుతారు. ముగ్గురి కథలు మూడు దారులు కాబట్టి ఎవరు ఎవరో తెలిసేసరికే సగం సిరీస్ అయిపోవచ్చు. ఆ లోపం కథలోనే ఉంది, తీసినవాళ్ళు పూర్తిగా దాటలేరు. నా నమ్మకమంతా పెలెలియు భాగాల మీద. ఫస్ట్ మెరీన్ డివిజన్ అధిపతి జనరల్ రూపర్టస్ నాలుగు రోజుల్లో ముగుస్తుందన్న యుద్ధం రెండు నెలలు దాటింది. నేలంతా పగడపు రాయి, గుంట తవ్వుకుందామన్నా పార దిగదు. ఎండ 46 డిగ్రీల దాకా. తాగడానికి వచ్చిన నీళ్ళు సరిగ్గా కడగని చమురు డ్రమ్ముల్లో పోసి పంపినవి. తాగినవాళ్ళకు కడుపులో తిప్పింది. ఆ దీవి అసలు అక్కర్లేదని అమెరికా నౌకాదళ అడ్మిరల్ హాల్సీ ముందే అన్నాడు, పైవాళ్ళు వినలేదు. ఇంత ముడిసరుకు చేతిలో పెట్టుకుని చెడగొట్టడం కష్టం. చెడగొడితే మాత్రం నేను క్షమించను.

ప్రశ్న: మాస్టారుగారూ, మావారు అప్పుడే పెద్ద ప్రపంచ పటం కొనుక్కొచ్చి హాల్లో మేకు కొట్టి తగిలించారు. సిరీస్ అయ్యేదాకా తీయరట. నేనేం చెయ్యను? – ఒక బాధితురాలు

జవాబు: అందులో పెలెలియు ఎక్కడుందో చూపించమనండి. మొత్తం కలిపితే 13 చదరపు కిలోమీటర్లు, గోడ పటాల్లో ఉండదు. దొరక్కపోతే ఫిలిప్పీన్స్‌కు తూర్పున, న్యూగినీకి ఉత్తరాన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకోమనండి. మేకు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.