మూసారాంబాగ్ గుట్ట మీద ఫ్రెంచి సమాధి, మా తాత ఊరి శిస్తు

మీ ప్రశ్న ఇది: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫ్రెంచి విప్లవం పాఠం చదువుతూ, ఎక్కడో పారిస్‌లో జైలు పగలగొడితే మనకేంటి నాన్నా, ఇదంతా ఎందుకు చదవాలి అని అడిగింది. మాది ప్రొద్దుటూరు, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఏం చెప్పాలో తోచలేదు."

నేను ఇరవై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఇదే ప్రశ్న నన్నూ ఒక పిల్లవాడు అడిగాడు, ఆ రోజు నాకూ జవాబు రాలేదు. "పరీక్షలో వస్తుంది, చదువు" అన్నాను. ఆ మాట ఎన్నాళ్లో మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో, మా తాతది జమ్మలమడుగు దగ్గర పల్లె. జవాబు మా ఇంటికి రెండు వైపులా ఉంది, నేనే చూసుకోలేదు. మీరూ సరిగ్గా అలాంటి చోటే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ ఇంటికి దగ్గర్లోనే మూసారాంబాగ్ ఉంది కదా. అక్కడ అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక రాతి స్తంభం ఉంటుంది, ఏడు మీటర్ల ఎత్తు ఉంటుంది. చిన్నప్పుడు మేం సెలవుల్లో ఆ గుట్ట ఎక్కి ఆడుకునేవాళ్లం. ఎవరో పెద్ద పీరు సమాధి అనుకునేవాళ్లం. మా పక్కింటి అవ్వ అటువైపు వెళ్తే దణ్ణం పెట్టుకునేది. అది మిషెల్ రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి సమాధి. హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. పేట పేరు అక్కడి నుంచే వచ్చింది. ఏళ్ల తరబడి ఆయన చనిపోయిన రోజున జనం అక్కడికి వెళ్లి ఊదుబత్తీలు వెలిగించేవారు. సమాధి పక్కనున్న స్తంభాల మండపం 2001 వానల్లో కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు.

రేమండ్ 1755లో ఫ్రాన్సులో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో వ్యాపారం కోసం పాండిచ్చేరి వచ్చి, తర్వాత సైన్యాల్లో చేరి, 1780ల మధ్యలో రెండో నిజాం అయిన నిజాం అలీ ఖాన్ కొలువుకు వచ్చాడు. కొన్ని వందల మందితో మొదలుపెట్టి, పదేళ్లలో పదివేలకు పైగా సిపాయిలకు యూరప్ పద్ధతిలో డ్రిల్లు నేర్పి నిలబెట్టాడు. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అంటాం చూడండి, అది ఆయన ఫిరంగులు పోయించిన కార్ఖానా. ఈ రోజుకీ ఆటోవాడికి ఆ పేరు చెబితే తీసుకెళ్తాడు.

ఇప్పుడు విప్లవం సంగతి. 1789లో పారిస్‌లో బాస్టిల్ జైలు పడింది. 1792లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. 1793లో ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ యుద్ధం మొదలైంది, ఆ ఏడే ఇంగ్లీషువాళ్లు పాండిచ్చేరి పట్టుకున్నారు. మరి నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి అధికారులు? వాళ్లు ఏ జెండా ఎగరెయ్యాలి? రేమండ్ దళం రిపబ్లిక్ మూడు రంగుల జెండా పట్టుకుంది. సిపాయిల కోటు గుండీల మీద స్వేచ్ఛా టోపీ బొమ్మ చెక్కి ఉండేదని ఆనాటి ఇంగ్లీషు రాతల్లో ఉంది. రోములో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునే టోపీ అది, విప్లవకారులు దాన్ని తమ గుర్తుగా తీసుకున్నారు.

నేను ఈ గుండీల దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. మూసీ ఒడ్డున డ్రిల్లు చేసే దక్కనీ సిపాయి ఎదమీద స్వేచ్ఛ గుర్తు ఉంది. దాని అర్థం ఏమిటో అతనికి ఎవరైనా చెప్పారా? జీతం నెలల తరబడి బాకీ. పై అధికారి పరదేశి. పాలించేది నవాబు. అదే సమయంలో కరీబియన్ సముద్రంలో సాన్ దొమింగ్ అనే ఫ్రెంచి వలసలో చెరకు తోటల బానిసలు ఆ స్వేచ్ఛ, సమానత్వం మాటల్ని నిజమని పట్టుకుని 1791లో తిరగబడ్డారు. వాళ్ల దెబ్బకే 1794లో పారిస్ బానిసత్వాన్ని రద్దు చేసింది. నెపోలియన్ 1802లో దాన్ని మళ్లీ తెచ్చాడు, అయినా వాళ్లు లొంగలేదు, 1804 జనవరి 1న హైతీ అనే స్వతంత్ర దేశమయ్యారు. పాఠంలో ఇది రెండు వాక్యాలు ఉంటుందేమో, మీ అమ్మాయితో దీని గురించి మాత్రం ఎక్కువసేపు మాట్లాడండి. విప్లవం అంటే పారిస్ ఒక్కటే కాదని పిల్లలకి అప్పుడే అర్థమవుతుంది.

మన దగ్గరికి విప్లవం స్వేచ్ఛగా రాలేదు. ఇంగ్లీషువాళ్ల భయంగా వచ్చింది. ఇదే నేను చెప్పదలచుకున్న అసలు మాట.

1795లో ఖర్దా యుద్ధంలో నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ సాయం చేయలేదు. దాంతో నిజాం రేమండ్ మీద మరింత ఆధారపడ్డాడు. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు, అతని చోట పిరోన్ వచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా దిగాడు. జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. శ్రీరంగపట్నంలో టిప్పు ఫ్రెంచివాళ్ల సాయం కోసం మనుషుల్ని పంపి ఉన్నాడు. వెల్లస్లీకి హైదరాబాద్‌లో ఉన్న మూడు రంగుల జెండా ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోండి. ఈ భయంలో నిజం ఎంత, సాకు ఎంత అని అడిగితే, రెండూ ఉన్నాయనే నా అభిప్రాయం. భయం నిజమే, కానీ దాన్ని వెల్లస్లీ బాగా వాడుకున్నాడు.

1798 సెప్టెంబరు 1న నిజాంతో ఒప్పందం కుదిరింది. కంపెనీ సైన్యం ఆరు పటాలాలు హైదరాబాద్‌లో ఉంటాయి, ఖర్చు నిజాందే, ఏటా 24 లక్షల రూపాయలకు పైగా. ఫ్రెంచివాళ్లను పంపించెయ్యాలి. దీన్నే మన పుస్తకాల్లో సైన్య సహకార పద్ధతి అని రాస్తారు. పేరు చూస్తే ఏదో స్నేహంలా ఉంటుంది. అక్టోబరులో జీతం బాకీల కోపంతో సిపాయిలే తిరగబడి తమ ఫ్రెంచి అధికారుల్ని బంధించారు. మర్నాడు, అక్టోబరు 22న, కంపెనీ పటాలాలు చుట్టుముట్టాయి. దగ్గరుండి నడిపించింది నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతనికి తోడు మాల్కం. కొన్ని గంటల్లో ఆయుధాలు కింద పెట్టించారు. రక్తం చిందలేదు. ఫ్రెంచి అధికారుల్ని ఓడలెక్కించారు.

ఆ తర్వాత ఊరే మారిపోయింది. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ ఉత్తరాన దిగాయి, ఆ దండు చుట్టూ పెరిగిన ఊరికి 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. కోఠీలో ఉమెన్స్ కాలేజీ పాత భవనం ఉంది కదా, పెద్ద పెద్ద స్తంభాలతో, అది ఇంగ్లీషు రెసిడెంటు కోసం ఆ రోజుల్లో కట్టిందే. నేను అదే కాలేజీలో డిగ్రీ చదివాను. మూడేళ్లు ఆ మెట్లెక్కి దిగాను, ఒక్కసారి కూడా మా గుట్ట మీద సమాధికీ ఈ భవనానికీ సంబంధం ఉందని అనుకోలేదు.

ఇక మీ ప్రొద్దుటూరు వైపు వద్దాం. మా తాత ఎప్పుడూ "మాది దత్త మండలం" అనేవాడు. చిన్నప్పుడు అదేదో దత్తాత్రేయస్వామి పేరనుకున్నాను. దత్తం అంటే ఇచ్చేసినది. ఎవరు ఇచ్చారు, ఎవరికి, ఎందుకు అని నేను తాతని అడగలేదు. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను.

1799లో టిప్పు పడిపోయాడు. మైసూరు రాజ్యంలో నిజాంకి వాటా వచ్చింది. 1792 యుద్ధం తర్వాత కడప ప్రాంతం అప్పటికే వచ్చి ఉంది. కానీ నగరంలో కూర్చున్న కంపెనీ సైన్యానికి ఏటా జీతం కట్టాలి, పైగా దళాన్ని ఇంకా పెంచారు. ఆ ఖర్చు కింద 1800 అక్టోబరు ఒప్పందంలో మైసూరు నుంచి వచ్చిన ఆ సీమనంతా నిజాం కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలో కొంత భాగం. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా మిగిలాడు.

కడప పల్లెటూరి రైతు వైపు నుంచి చూడండి. 1779 వరకు కడప నవాబు, తర్వాత మైసూరు (హైదర్, టిప్పు), 1792 నుంచి నిజాం, 1800 నుంచి కంపెనీ. ఇరవై ఒక్క ఏళ్లలో నలుగురు యజమానులు. ఒకే మనిషి తన జీవితకాలంలో నాలుగు సర్కార్లకు శిస్తు కట్టాడు. అతన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. హైదరాబాద్‌లో సిపాయిల జీతాలకు మా తాత ఊరు చెల్లింపైపోయింది. నాకు ఇది తెలిసిన రోజు చాలా బాధేసింది, నిజంగా నిద్ర పట్టలేదు.

కంపెనీ తరఫున వచ్చిన కలెక్టరు థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు ఉన్నాడు. కోటలు కట్టుకుని ఊళ్లను ఏలుకునే స్థానిక దొరలు, దాదాపు 80 మంది పాళెగాళ్లను అణిచాడు, కొందరికి పింఛన్లు ఇచ్చి కోటలు లాక్కున్నాడు. పొలం పొలం కొలిపించి, మధ్యలో దొర లేకుండా రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టేలా ఏర్పాటు చేశాడు. అదే రైతువారీ. కోస్తాలో మీకు చుట్టాలుంటే వాళ్లని అడగండి, అక్కడ చాలాచోట్ల 1802 నుంచి జమీందారీ. పక్కపక్క జిల్లాల తెలుగువాళ్లు రెండు వేరువేరు చట్టాల కింద బతికారు, ఆ తేడా ఊళ్ల తీరులో ఇప్పటికీ కనిపిస్తుందని నాకనిపిస్తుంది.

మన్రోని మంచివాడనాలా చెడ్డవాడనాలా అని పిల్లలు నన్ను అడిగేవారు. సీమలో జనం ఆయన్ని ఇష్టపడ్డారు, పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు ఉన్నారని మా తాత చెప్పేవాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. కానీ శిస్తు చాలా ఎక్కువ. అది మోయలేనంతగా ఉందని, పావు వంతు తగ్గించాలని 1807లో మన్రోనే పైకి రాశాడు. పైవాళ్లు వినలేదు. మనిషి ఎంత న్యాయంగా ఉన్నా, అతను వసూలు చేసేది కంపెనీ కోసమే కదా.

పాళెగాళ్ల కథ కూడా అక్కడితో ఆగలేదు. కోట పోయిన ఇంట్లో మూడో తరానికి మిగిలింది నెలకు 11 రూపాయల చిల్లర పింఛను. ఆ ఇంటివాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. చుట్టాల పింఛను ఆగిపోయింది, మాన్యాలు లాక్కున్నారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. ఆ తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. ఆయన పాట పాడేవాళ్లు మా తాత చిన్నతనంలో ఇంటి ముందుకు వచ్చేవారట. పారిస్ నుంచి కోయిలకుంట్లకి దారి వంకరగా ఉంటుంది గానీ ఎక్కడా తెగిపోలేదు.

"దత్త మండలం" అనే మాట అందరికీ నచ్చలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టారు. ఇచ్చేసిన నేల అనిపించుకోవడం ఇష్టం లేకపోవడం ఎంత న్యాయం! మా తాతకి మాత్రం పాత మాటే నోట్లో ఉండిపోయింది.

మీ అమ్మాయిని ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు ఆ గుట్ట మీదికి తీసుకెళ్లండి. నేను రిటైరయ్యే ముందు ఏడాది ముప్పై మంది పిల్లల్ని అలాగే తీసుకెళ్లాను. రాయి మీద రేమండ్ పేరు అక్షరాలు చూపించి, అక్కడే పాఠం చెప్పాను. అక్కడి నుంచి కోఠీ, కుదిరితే సికింద్రాబాద్. సంక్రాంతికి ప్రొద్దుటూరు వెళ్లినప్పుడు ఇంట్లో పాత పొలం కాగితాలు ఉన్నాయేమో వెతకమనండి. మా తాత ట్రంకు పెట్టెలో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1345 నాటి రసీదు ఒకటి దొరికింది, అంటే 1935. మడతల దగ్గర చిరిగింది, లామినేషన్ చేయించి దాచుకున్నాను. అందులో తాత పేరు, సర్వే నంబరు, కట్టిన రూపాయలు, అణాలు కరణం చేతిరాతలో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటిది దొరికితే దాని మీద ఏం రాసి ఉందో ఇక్కడ చెప్పండి, చదవడం రాకపోతే సాయం చేస్తాను.