మొదటి పగడాల కోసం కార్డు మీద 1,400 డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. హెచ్-1బి మీద ఉద్యోగం. నెల ఖర్చు 4,500 డాలర్లు, చేతిలో పొదుపు 9,000. పాప ముచ్చటపడిందని 40 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి నాలుగు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు బాగున్నాయి. ఇప్పుడు పగడాలు వేద్దామంటే షాపులో అక్రోపోరా రకాలన్నీ కలిపి 1,400కు ఇస్తామన్నారు. కార్డు మీద తీసుకుని నెలకు 50 చొప్పున కట్టుకోవచ్చా? డిసెంబర్‌లో నాలుగు వారాలు విజయవాడ వెళ్తున్నాం.

జవాబు: కార్డు మీద వద్దండి. 22 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 50 చొప్పున ఆ అప్పు తీరడానికి 40 నెలలు పడుతుంది. వడ్డీయే దాదాపు 580 డాలర్లు. అప్పు తీరేదాకా ఆ పగడాలు బతికుంటాయన్న భరోసా కూడా లేదు. నేను ఎనిమిదేళ్లుగా ఇంట్లో పగడాలు పెంచుతున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పగడానికి షాపులో రాసిన ధర ఒకటి, ఇంటికొచ్చాక అది పెట్టించే ఖర్చు ఇంకొకటి. అక్రోపోరా రాతి పగడం. నీళ్లలోని కాల్షియం, ఆల్కలినిటీ (కార్బోనేట్ లవణాల పాళ్లు) తీసుకుని రాతి కొమ్మలు కట్టుకుంటూ పెరుగుతుంది. అది ఎంత తీసుకుంటే అంత మీరు మళ్లీ కలపాలి, అదీ దాదాపు రోజూ. ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర నిలకడగా ఉండాలి. ఉన్నట్టుండి పడినా, పెరిగినా కొమ్మల మీది కండ ఊడిపోయి తెల్లటి రాయి మిగులుతుంది. కాబట్టి ఈ లవణాలను కొలతగా నీళ్లలో వదిలే డోసింగ్ పంపు, టెస్ట్ కిట్లు, బలమైన లైటు అన్నీ కొనాల్సి వస్తుంది. పైగా నాలుగు నెలల ట్యాంకు ఇంకా పచ్చిదే. అక్రోపోరా మాట ఏడాది దాటాక ఆలోచించండి.

మెత్తటి పగడాలతో ఈ టెన్షన్ లేదు. అవి రాతి గూడు కట్టవు కాబట్టి కాల్షియం లెక్కలు అక్కర్లేదు. మామూలు రీఫ్ లైటు చాలు. వారానికి 4 గ్యాలన్ల నీళ్లు మారిస్తే వాటికి కావలసినవి అందుతాయి. 200 గ్యాలన్లకు సరిపడే ఉప్పు డబ్బా ఒకటి కొంటే మీకు దాదాపు ఏడాది వస్తుంది.

నన్నడిగితే ముందు మష్రూమ్ కోరల్ తీసుకోండి. ట్యాంకు అడుగున, వెలుతురు తక్కువగా, నీటి ఊపు నెమ్మదిగా ఉన్నచోట పెట్టి వదిలేయొచ్చు. తర్వాత టోడ్‌స్టూల్ లెదర్ అనే పగడం. ఇది అప్పుడప్పుడు కొన్నాళ్లు ముడుచుకుపోయి, పైన మైనం లాంటి పొర వదిలి, మళ్లీ విచ్చుకుంటుంది. చచ్చిపోయిందనుకుని పారేయకండి. గ్రీన్ స్టార్ పాలిప్స్ పచ్చిక పరిచినట్టు చాలా అందంగా ఉంటాయి, కానీ పట్టిన రాయినల్లా కప్పేస్తాయి. వాటిని మిగతావాటికి దూరంగా, విడి రాయి మీదే ఉంచాలి. ఇవన్నీ మామూలు రకాలైతే ముక్క 10 నుంచి 30 డాలర్ల లోపు దొరుకుతాయి. ఊళ్లో రీఫ్ క్లబ్బుల వాళ్లు తమ ట్యాంకులో పెంచి కోసిన ముక్కలు ఇంకా తక్కువకు ఇస్తారు.

పగడాల లాంటి జోయాంథిడ్‌లు కూడా తేలికైనవే, రంగులు చూస్తే పిల్లలు వదలరు. అయితే వాటిలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు, అవి ఉన్న రాయిని ఎప్పుడూ మరిగించకూడదు. పాపను ట్యాంకులో చెయ్యి పెట్టనివ్వకండి. ఇంట్లో చిన్న పిల్ల ఉంది కాబట్టి మొదటి ఏడాది వీటిని పక్కన పెట్టమనే అంటాను.

ఇక పొదుపు. 9,000 అంటే మీకు రెండు నెలల ఖర్చు. హెచ్-1బి ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ రోజుల్లో అద్దె కట్టాలి, ఇంకో ఉద్యోగం వెతకాలి, కుదరకపోతే నలుగురి టికెట్లో ముగ్గురి టికెట్లో కొనాలి. మీ లాంటి కుటుంబం ఆరు నెలల ఖర్చు, అంటే 27,000 చేతిలో ఉంచుకోవడం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. అక్వేరియం మానేయమనను. కరెంటు, ఉప్పు, పగడాలు అన్నిటికీ కలిపి నెలకు 60 డాలర్లు విడిగా పెట్టుకోండి. ఆ నెల మిగిలిన దాంతోనే కొత్త ముక్క కొనాలి.

విజయవాడ ప్రయాణం ఈ లెక్కలో అన్నిటికంటే పెద్ద విషయం. మా నాన్నగారి సంవత్సరీకానికి నేను మూడు వారాలు ఇండియా వెళ్లినప్పుడు, డోసింగ్ పంపు గొట్టం మూసుకుపోయింది. పక్కింటివాళ్లు రోజూ చేపలకు మేత వేశారు పాపం, గొట్టం సంగతి వాళ్లకేం తెలుస్తుంది? తిరిగొచ్చేసరికి 300 డాలర్ల అక్రోపోరా తెల్లబడిపోయి ఉంది. అదే ట్యాంకులో టోడ్‌స్టూల్, మష్రూమ్‌లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిరైన నీళ్లు తనంతట తానే నింపే ఆటో టాప్-ఆఫ్ 100, 150 డాలర్లకు వస్తుంది. పగడాల కంటే ముందు అది కొనండి, లేకపోతే నాలుగు వారాల్లో ఉప్పదనం పెరిగిపోతుంది.

ఒక్కటి మరచిపోవద్దు: అక్కడి బంధువులకు చూపిద్దామని పగడపు ముక్కలేవీ వెంట తీసుకెళ్లకండి. రాతి పగడాలను సరిహద్దు దాటించడానికి అంతర్జాతీయ అనుమతి పత్రాలు కావాలి, మన దేశంలో అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి.

ఈ నెల టాప్-ఆఫ్, వచ్చే నెల ఒక మష్రూమ్, ఒక టోడ్‌స్టూల్. గ్రీన్ స్టార్ పాలిప్స్ మీరు జనవరిలో తిరిగొచ్చాక కొనొచ్చు.