తుఫాను కబురు రాకముందే మంచినీళ్లు పట్టిపెట్టుకో

అమ్మడూ,

విజయవాడలో కొత్త ఫ్లాట్‌లో దిగారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. మూడో అంతస్తు కాబట్టి వరదొచ్చినా టెన్షన్ లేదని అల్లుడు అన్నాడట. ఇల్లు మునగకపోవచ్చు గానీ, నా భయం తాగేనీళ్ల గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మేడల మీద చిక్కుకున్నవాళ్లు మంచినీళ్ల కోసం ఎంత అల్లాడారో చూశాం కదా. ఇక్కడ విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడూ అంతే. కరెంటు పోతే మోటారు ఆడదు, ట్యాంకు నిండదు, ఆర్‌ఓ మెషినూ పనిచేయదు.

తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు అనుకో. మీ అత్తగారితో, బాబుతో కలిపి నలుగురు. మూడు రోజులకి 48 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు, రెండు లీటర్ల సీసాలు నాలుగు. మూత బిగుతుగా పట్టేవి చూసుకో. రంగుల డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇవి ఎప్పుడూ నిండుగా ఉండాలి. పాత నీళ్లు వాడేస్తూ కొత్తవి పట్టుకుంటూ ఉండు.

అవి అయిపోయి బురదనీళ్లే దిక్కయితే, ముందు వాటిని తేరనివ్వాలి. పటిక ముక్క నీళ్లలో కాసేపు తిప్పితే మడ్డి అడుక్కి దిగుతుంది. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి కలిపేవారు. పైన తేరిన నీళ్లని నాలుగు మడతల నూలుబట్టలో వడగట్టు. చూడ్డానికి అద్దంలా ఉన్నాయని అప్పుడే తాగేయొద్దమ్మా! పోయింది బురదే, క్రిములు అలాగే ఉంటాయి. సలసలా మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం పూర్తిగా మరగనిచ్చి, ఆ గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చు.

గ్యాస్ పొదుపు చేయాల్సివస్తే క్లోరిన్ బిళ్లలు వాడు. మందుల షాపులో ఇప్పుడే తెచ్చి ఉంచుకో. బిళ్ల ఎన్ని లీటర్లకో ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, ప్యాకెట్ మీద చదివి వెయ్యి. వేశాక అరగంట ఆగాలి. బురదనీళ్లలో వేస్తే మందు బలమంతా ఆ బురదకే సరిపోతుంది, అందుకే తేర్చడం ముందు.

డీజిలు వాసన వచ్చే నీళ్లు, పురుగుమందు కలిశాయని అనుమానమున్న నీళ్లు మాత్రం అసలు తాగొద్దు. మరిగించినా, బిళ్ల వేసినా ఆ విషం పోదు.

ఇంత చేసి గ్లాసు చేత్తో ముంచితే మళ్లీ మొదటికొస్తుంది. క్యాన్‌కి కుళాయి పెట్టించు, లేదా పొడవాటి కాడ గరిటెతో తీసుకోండి. బాబు పాలకీ, ఓఆర్ఎస్ కలపడానికీ మరిగించి చల్లార్చిన నీళ్లే వాడు. వాటికో సీసా విడిగా పెట్టి, మీ అత్తగారికి కూడా చెప్పి ఉంచు.

మీ పెద్దమ్మ