టెక్ సందేహాలు: కథ అయిపోయింది, నగరం మిగిలే ఉంది

ప్రశ్న: కంప్యూటర్‌లో ‘స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్డ్’ ప్రధాన కథ పది రోజుల్లో ముగించాను. మ్యాపులో ఇంకా చాలా గుర్తులు మిగిలాయి. అవన్నీ పూర్తి చేయాలా, లేక దీన్ని తీసేసి ‘బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్’ కొనుక్కోవాలా?
- డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: అన్నీ పూర్తి చేయనక్కరలేదు. అలాగని ఇప్పుడే తీసేయకండి. ఈ గేమ్‌లో అసలు సరుకు ఊగడంలో ఉంది. మర్రి ఊడ పట్టుకుని ఊగినవారికి ఆ లెక్క ముందే తెలుసు: కిందికి వచ్చినప్పుడు చెయ్యి వదిలితే ముందుకు దూసుకుపోతాం, పైకి లేచాక వదిలితే ఎత్తుకు పోతాం. ఇక్కడా అంతే. పైగా సాలెదారం ఆకాశానికి కాదు, దగ్గరలో ఉన్న భవనానికే అంటుకుంటుంది. అందుకే ఆకాశహర్మ్యాల మధ్య జోరుగా సాగినవారు నగరం నడుమ ఉన్న సెంట్రల్ పార్కులోకి రాగానే చెట్లను పట్టుకుని నేలబారుగా వెళ్లాల్సి వస్తుంది. కథ తరుముతున్నంతసేపూ ఈ విద్య చేతికి పట్టుబడదు. మిగిలిపోయిన గుర్తులే దానికి సాధన.

ముందు బ్యాగులు వెతకండి. నగరమంతా 55 ఉన్నాయి. ఒక్కో దానిలో పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) పాత వస్తువు ఒకటి ఉంటుంది, దాని గురించి అతను రెండు మాటలు చెబుతాడు. బటన్ నొక్కి దాటేయకండి. కథ మొదలయ్యే నాటికే అతను ఎనిమిదేళ్లుగా స్పైడర్‌మ్యాన్. ఆ ఎనిమిదేళ్ల తలపులు ఈ బ్యాగుల్లోనే ఉన్నాయి.

ఆ తర్వాత హోవర్డ్ అనే నిరాశ్రయుడి పావురాలు, 12. ఎగిరే పావురం వెంటపడి పట్టుకోవడం మొదట చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. అదే హోవర్డ్ 2023లో వచ్చిన రెండో భాగంలో మళ్లీ కనిపిస్తాడు. ఆ చిన్న మిషన్ ముగిశాక నేను కాసేపు కంట్రోలర్ పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. ఇక్కడ పావురాలు పట్టనివారికి ఆ బాధ సగమే తెలుస్తుంది.

వీధి నేరాలు మాత్రం విసుగు పుట్టిస్తాయి. ఏ పేటకు వెళ్లినా అవే దొంగతనాలు, అదే కారు వెంట పరుగు. మీకు నచ్చిన సూటుకు చాలినన్ని టోకెన్లు వచ్చాక వదిలేయండి.

మొత్తం మళ్లీ ఆడాలనిపిస్తే ‘న్యూ గేమ్ ప్లస్’ ఎంచుకోండి. సంపాదించిన సూట్లు, నైపుణ్యాలు మీతోనే వస్తాయి. కష్టం స్థాయిని అన్నిటికన్నా కఠినమైన ‘అల్టిమేట్’కు పెంచితేనే వాటికి పని ఉంటుంది. పాత స్థాయిలోనే ఆడితే రెండోసారి చప్పగా ఉంటుంది.

ఇక 2015 నాటి ఆర్కమ్ నైట్. తప్పక ఆడవలసిన గేమే. కానీ అందులో చిక్కుప్రశ్నలు వేసే విలన్ రిడ్లర్ దాచిన ట్రోఫీలు, పొడుపుకథల వంటివి కలిపి 243. అవన్నీ సాధిస్తే తప్ప పూర్తి ముగింపు చూపించరు. చిక్కుముడులు కొన్ని ఎంతో తెలివైనవి, నాకు ఇష్టం కూడా. అయినా డబ్బు పెట్టి కొన్న కథ చివరి ఘట్టాన్ని ఈ వెతుకులాటకు తాకట్టు పెట్టడం ఆటగాడికి అన్యాయమే.

ప్రశ్న: ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పై స్పైడర్‌మ్యాన్ గేమ్ నడుస్తుందా?
- నల్లగొండ

జవాబు: ర్యామ్ సరిపోతుంది. కానీ కనీసం జీటీఎక్స్ 950 స్థాయి కార్డు, 75 జీబీ ఖాళీ అడుగుతుంది. కొనకండి. 2011లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ సిటీ’ మీ యంత్రానికి చాలా తేలిక. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొని, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందే పరీక్షించండి. నడవకపోతే 14 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడగవచ్చు.

ప్రశ్న: డిస్కులో చోటు లేక గేమ్ తీసేయాలి. ఆడినదంతా పోతుందా?
- మిర్యాలగూడ

జవాబు: స్టీమ్‌లో ఆ గేమ్ పేరుపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో క్లౌడ్ (ఆడినదాన్ని నెట్‌లో దాచే సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో చూడండి; ఉంటే పోదు. నెట్ నెమ్మదిగా ఉంటే అప్‌లోడ్ పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆపకండి. స్పైడర్‌మ్యాన్ అయితే డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉన్న ఫోల్డరును కూడా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాతే తీసేయండి.