గ్రెనేడ్‌ని చేత్తో విసరకుండా రైఫిల్‌కి ఎందుకు తగిలించేవాళ్లు? ఇప్పుడెందుకు కనిపించట్లేదు?

మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇన్‌ఫాంట్రీలో చేసి రిటైరయ్యాను. 80ల్లో ట్రైనింగ్‌లో దీన్ని పేల్చాను కాబట్టి చెప్తున్నా.

జొన్నచేలో పిట్టల్ని తోలేటప్పుడు చేత్తో విసిరిన రాయి నాలుగు సాళ్లు దాటదు. అదే రాయి వడిసెలలో పెడితే చేను అవతల పడుతుంది. ఇదీ అంతే. 36 నంబర్ గ్రెనేడ్ దాదాపు ముప్పావు కిలో ఉంటుంది. చేత్తో విసిరితే ముప్పై గజాలు పోవడమే ఎక్కువ, రైఫిల్‌తో 200 గజాల దాకా పోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్నవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ దూరమే. మొదట్లో గ్రెనేడ్ అడుగున కడ్డీ పెట్టి బ్యారెల్‌లోకి దించేవాళ్లు, దాంతో బ్యారెల్ పాడయ్యేది. తర్వాత బ్రిటిష్ వాళ్లు బ్యారెల్ మూతికి గ్రెనేడ్ పట్టే కప్పు బిగించారు. నా లెక్కన తెలివంతా ఫ్రెంచ్ వాళ్లదే. 1916 నాటి వాళ్ల వి.బి. గ్రెనేడ్‌కు నడుమ బెజ్జం ఉంటుంది. మామూలు తూటా అందులోంచి దూసుకుపోతూ ఫ్యూజ్ అంటిస్తే, వెనకొచ్చే గ్యాస్ గ్రెనేడ్‌ని ఎగరేసేది.

మాకా సుఖం లేదు. ఇచ్చింది పాత .303 రైఫిల్, చెక్క పగలకుండా ముందు భాగమంతా తీగ చుట్టి ఉండేది. గ్రెనేడ్ అడుగున బిళ్ల బిగించి, టీ గ్లాసంత కప్పులోకి దించాక పిన్ లాగాలి. ఫ్యూజ్ అంటుకోకుండా పట్టి ఉంచే లీవర్ కప్పు గోడకు ఒత్తుకుని ఆగుతుంది, బయటపడ్డాకే ఊడుతుంది. చేత్తో విసిరేదానికి 4 సెకన్ల ఫ్యూజ్ అయితే దీనికి 7.

దీన్ని తోసేది తూటా లేని కార్ట్రిజ్. పొరపాటున మామూలు రౌండ్ పెట్టామా, అంతే సంగతులు. అందుకే ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ ముందుగా అందరి పౌచ్‌లూ జేబులూ దులిపించాడు. నా జేబులో ఇంటి నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటర్ తప్ప ఏం లేదు, అయినా రెండుసార్లు వెతికాడు. ఆ టెన్షన్‌లో రైఫిల్ బట్ (వెనక చివర) నేలకు ఆనించి మోకాలి మీద కూర్చున్నా. భుజానికి పెట్టి పేలిస్తే భుజం మిగలదు.

ఇప్పుడెందుకు లేదంటే, గ్రెనేడ్ తగిలించి ఉన్నంతసేపూ ఎదురుగా శత్రువు కనపడ్డా ఆ రైఫిల్‌తో కాల్చలేం. 60ల్లో అమెరికా వాళ్లు విడిగా 40 ఎం.ఎం. గ్రెనేడ్ లాంచర్ తెచ్చారు, ఆ తర్వాత దాన్నే రైఫిల్ బ్యారెల్ కింద బిగించారు. అలాగని పాత పద్ధతి పూర్తిగా పోలేదు, జపాన్ సైన్యం దగ్గర టైప్ 06 అనే రైఫిల్ గ్రెనేడ్ ఉంది. మా యూనిట్‌కు బ్యారెల్ కింద లాంచర్ వచ్చేసరికి నేను పెన్షన్ కాగితాల పనిలో ఉన్నాను. చేత్తో పట్టుకుని చూశానంతే, పేల్చలేదు.