ఎప్పుడో ఒకసారి తీసే కారుకి సోలార్ ప్యానెల్: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కారు మళ్లీ సెల్ఫ్ అందుకోలేదని, జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేస్తే నాలుగు రోజులకే మళ్లీ మొరాయించిందని రాశావు. సోలార్ ప్యానెల్ ఒకటి కొని డ్యాష్‌బోర్డు మీద పడేస్తే ఈ టెన్షన్ వదులుతుందా అని అడిగావు. వదులుతుంది. కానీ ఊరికే పడేస్తే మాత్రం కాదు.

ముందు లెక్క చూడు. తాళం వేసి వెళ్లినా కారులో కరెంటు వాడకం ఆగదు. గడియారం, అలారం, రిమోట్ సిగ్నల్ కోసం కాచుకుని ఉండే రిసీవరు, కంప్యూటర్ మెమరీ, అన్నీ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. మామూలుగా ఇది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. 30 అనుకున్నా రోజుకి 0.72 ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్), నెలకి దాదాపు 22. నీ బ్యాటరీ 45 ఆంపియర్ అవర్‌ది అయితే నెల తిరిగేసరికి సగం ఖాళీ. పైగా బ్యాటరీ తనంతట తానే కొంత దిగిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. అలా దిగిపోయి రోజుల తరబడి ఉంటే లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. గట్టిపడ్డాక ఛార్జింగ్ పెట్టినా పాత బలం పూర్తిగా రాదు.

ఇప్పుడు అటువైపు లెక్క. 5 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 0.3 ఆంపియర్ లోపే ఇస్తుంది. గట్టి ఎండ నాలుగు గంటలు తగిలితే సుమారు 1.1 ఆంపియర్ అవర్. కారు లాగే 0.72 పోను ఇంకా మిగులుతుంది. ప్యానెల్ ఆరుబయట, సూర్యుడికి ఎదురుగా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. అద్దం వెనక, డ్యాష్‌బోర్డు మీద పెడితే సగం రావడం కూడా కష్టం. అద్దం కొంత వెలుతురు ఆపుతుంది, ఫిల్మ్ అంటించి ఉంటే మరికొంత ఆపుతుంది, ప్యానెల్ వాలు కూడా మన చేతిలో ఉండదు. అందుకే లోపల పెట్టేట్టయితే 10 వాట్లకు తగ్గకు. వైపరు నీడ ఒక్క గీతలా పడినా కరెంటు బాగా పడిపోతుంది, ఎందుకంటే ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. కారుకి కవర్ కప్పి లోపల ప్యానెల్ పెట్టినవాళ్లనీ చూశాను, వాళ్లకి ఏం చెప్తాం!

షెడ్డులో నిలిపేట్టయితే ప్యానెల్ బయట బిగించి వైరు లోపలికి తెచ్చుకోవచ్చు. నా మట్టుకు అదే మేలు. షెడ్డులో కరెంటు ప్లగ్గు ఉంటే మాత్రం సోలార్ జోలికే వెళ్లకు, ఆటోమేటిక్ ఛార్జర్ పెట్టేయ్.

వైరు ఎక్కడ కలపాలన్నదే అందరూ పొరపాటుపడే చోటు. ప్యానెల్‌తో వచ్చే ప్లగ్గుని సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చేస్తారు. చాలా కార్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి బయటికి తీయగానే ఆ సాకెట్‌కి బ్యాటరీతో లంకె తెగిపోతుంది. ప్యానెల్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీకి మాత్రం చుక్క అందదు. తాళంచెవి తీసేసి కాసేపు ఆగి సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడు. పనిచేయకపోతే నేరుగా బ్యాటరీకే కలపాలి. ఎర్ర వైరు ప్లస్‌కి, దానికి బ్యాటరీ దగ్గరలోనే చిన్న ఫ్యూజు. నల్ల వైరు మైనస్‌కి. మైనస్ టెర్మినల్ మీద సెన్సారు డబ్బీ ఉంటే టెర్మినల్‌కి కాకుండా కారు బాడీకి ఉన్న ఎర్త్ పాయింట్‌కి కలుపు, లేకపోతే ఎంత ఛార్జ్ వచ్చిందో కారు కంప్యూటర్‌కి తెలియదు.

ఛార్జ్ కంట్రోలర్, అదే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ని అదుపు చేసే డబ్బీ, కావాలా అని కూడా అడిగావు. కావాలి. 12 వోల్టుల ప్యానెల్ అని పేరేగానీ లోడ్ లేనప్పుడు అది 21, 22 వోల్టుల దాకా చూపిస్తుంది. బాగా చిన్న ప్యానెల్‌ని పెద్ద బ్యాటరీకి నేరుగా కలిపినా ఫర్వాలేదంటారు, నిజమే. కానీ 10 వాట్లకి వెళ్తే బ్యాటరీ నిండాక కూడా కరెంటు తోస్తూనే ఉంటుంది, లోపలి నీళ్లు గ్యాసుగా మారి తగ్గిపోయి ప్లేట్లు పాడవుతాయి. కంట్రోలర్ ఉంటే నిండాక 13.5, 13.8 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది, రాత్రి కరెంటు వెనక్కి ప్యానెల్‌లోకి పారకుండా ఆపుతుంది. ఇంత చిన్న ప్యానెల్‌కి పీడబ్ల్యూఎం అనే మామూలు రకం కంట్రోలర్ చాలు, ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టే ఎంపీపీటీ రకం అని ఎక్కువ డబ్బు పెట్టొద్దు. బిగించేటప్పుడు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. లిథియం బ్యాటరీ అయితే దానికి సరిపడే సెట్టింగ్ ఉన్న కంట్రోలరే వాడాలి.

ఇంకోటి. ఇప్పుడు డౌన్ అయి ఉన్న బ్యాటరీకి ప్యానెల్ తగిలించి లేస్తుందని ఎదురుచూడకు, అడుగంటిన బావిని చెంబుతో నింపబోయినట్టే. ముందు కరెంటు ఛార్జర్ మీద పూర్తిగా నింపు. నిండినదాన్ని దిగనివ్వకుండా చూడడం వరకే సోలార్ పని. అలాగే వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేసే అలవాటు మానేయ్. స్టార్ట్ చేసినప్పుడు పోయింది సరిగా తిరిగి రాదు, సైలెన్సర్‌లో చెమ్మ మిగిలిపోతుంది. తీసినప్పుడు ఓ అరగంట రోడ్డు మీద నడుపు.

ఏదీ కొనకముందు ఒక పని చెయ్యి. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, రాత్రంతా వదిలేసి పొద్దున్నే మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడు. 12.6 ఆ పైన ఉంటే బాగానే ఉన్నట్టు. 12.2 అంటే సగమే మిగిలిందని అర్థం, బ్యాటరీలోనే లోపం ఉండొచ్చు, అప్పుడు ప్యానెల్ దండగ. 12.6 చూపిస్తే, మైనస్ కేబుల్ విప్పి మధ్యలో మీటర్‌ని ఆంపియర్ రేంజిలో పెట్టి, కారు లాక్ చేసి, అరగంట తర్వాత ఎంత లాగుతోందో చూడు. మీటర్ మధ్యలో ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయకు, మీటర్‌లోని ఫ్యూజు కాలిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్లు బాగా దాటితే ఏదో దొంగచాటుగా లాగుతున్నట్టే, ముందు దాన్ని ఎలక్ట్రీషియన్‌తో పట్టించాలి.

ఆ రెండు అంకెలూ, కారు ఎండలో నిలుపుతావా నీడలోనా అన్నదీ రాసి పంపు. ఎన్ని వాట్ల ప్యానెల్ కొనాలో చెప్తాను.

నీ మావయ్య